టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపదు

మర్రిగూడ దగ్గర మీరు కొత్తగా వేయించిన బోరు నీటికి టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) మీటరు లీటరుకు 420 మిల్లీగ్రాములు చూపించింది కాబట్టి నిశ్చింతగా తాగవచ్చా అని అడిగారు. ఆ మీటరు విద్యుత్ వాహకతను బట్టి నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప, అందులో ఫ్లోరైడ్ ఎంత ఉందో చెప్పదు. మన నల్లగొండ జిల్లాలో ముందుగా చూడవలసింది దానినే.

బోరును పది నిమిషాలు నడిపిన తరువాత, అదే నీటితో రెండు మూడు సార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో ఒక లీటరు పట్టండి. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరపవచ్చు కనుక గాజు సీసా వద్దు. ప్రయోగశాలలో అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో (ఫ్లోరైడ్ అయాన్లను ఎంచి కొలిచే పరికరంతో) పరీక్షించమని కోరడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రంగు మార్పుపై ఆధారపడే స్పాడ్న్స్ పద్ధతిలో క్షారత గాని అల్యూమినియం గాని ఎక్కువగా ఉంటే ఫలితం తప్పే ప్రమాదం ఉంది. (పటికలో అల్యూమినియం ఉంటుంది కనుక, పటిక వేసి తేర్చిన నీటి విషయంలో ఇది మరీ ముఖ్యం.) అక్కడికక్కడే పరీక్షించే ఫీల్డు కిట్ తొలి అంచనాకు మాత్రమే పనికివస్తుంది.

భారత తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడే 1.5 వరకు అనుమతి. అంతకు మించితే కాచి తాగడం వల్ల ప్రయోజనం లేదు, నీరు ఆవిరైన కొద్దీ ఫ్లోరైడ్ గాఢత పెరుగుతుంది. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీటిని వాడుకొని, బోరును మిగతా అవసరాలకు ఉంచండి.