దాపటెద్దు, వలపటెద్దు

నవల చదువుతూ నేర్చుకున్న అరుదైన పదం ఏదైనా ఉందా అని అడిగారు కదా, నాకు వెంటనే గుర్తొచ్చేది 'దాపటెద్దు'.

ఇంటర్ సెలవుల్లో లైబ్రరీ నుంచి అట్ట ఊడిపోయిన ఒక పల్లెటూరి నవల తెచ్చుకున్నాను. పేరున్న పేజీ కూడా లేదు. అందులో ఒక రైతు జోడెడ్లలో ఒకటి చచ్చిపోతుంది. అప్పు చేసి సంతలో ఇంకోటి కొనుక్కొస్తాడు. ముసలి తండ్రి దాన్ని చూసి, ఇదీ దాపటిదేనా అంటూ తల పట్టుకుని అరుగు మీద కూలబడతాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినరు.

దాపు అంటే దగ్గర కదా, దగ్గర్లో కొన్న ఎద్దేమో, దానికింత ఏడుపెందుకు అనుకుని పేజీ తిప్పేశాను. తర్వాత 'వలపటి' అని కూడా వచ్చింది. వెలుపల లాగే ఉంది కాబట్టి బయటిది అని సరిపెట్టుకున్నాను. దగ్గరిది, బయటిది! ఎంత చక్కగా కుదిరిందో చూడండి. సందర్భాన్ని బట్టి అర్థం అదే తెలుస్తుందంటారు గానీ, తప్పు అర్థం కూడా అంతే హాయిగా అతుక్కుపోతుంది.

వరంగల్ దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు తాతను అడిగాను. ఆయన నన్నూ మా బాబాయి కొడుకునూ వాకిట్లో పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరి మెడల మీద చేతికర్ర అడ్డంగా పెట్టి, వెనక నిలబడ్డాడు. "నువ్వు దాపట, వాడు ఎలపట" అన్నాడు. దున్నేవాడికి ఎడమ పక్కది దాపటిది, కుడి పక్కది వలపటిది. ఒక పక్కకే అలవాటుపడ్డ ఎద్దును రెండో పక్క కడితే తిన్నగా నడవదు, జోడుతో కుదరదు. నవల్లో చచ్చిపోయింది వలపటిది. అప్పు చేసి తెచ్చింది మళ్లీ దాపటిది. అరుగు మీద ముసలాయన ఎందుకు కూలబడ్డాడో అప్పుడు తెలిసింది.

చాన్నాళ్లకు ఒక పాత అచ్చు పుస్తకంలో 'ధర్మము' అనేది 'ధమ౯ము' అని కనిపించింది. మొదట తొమ్మిది అంకె అనుకున్నాను. 'ర్' బదులు రాసే ఆ గుర్తును వలపలగిలక అంటారట. అక్షరానికి కుడివైపున రాస్తారు కాబట్టి వలపల. తాతకు చెబితే నవ్వి, "అచ్చరాలకు గూడ కాడి గడ్తరా?" అన్నాడు.