యాంటీబాడీలు ఉన్నా హెచ్ఐవీ ఎందుకు పోదు?

ప్రశ్న: హెచ్ఐవీ టెస్ట్‌లో చూసేదే యాంటీబాడీలు కదా డాక్టర్ గారూ, మరి అవి ఉన్నప్పుడు వైరస్ ఎందుకు చావట్లేదు? కొందరిలో మాత్రం పవర్‌ఫుల్ యాంటీబాడీలు వస్తాయంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమేనండీ. టెస్ట్‌లో దొరికే యాంటీబాడీలు చాలావరకు వైరస్‌ని గుర్తుపడతాయి అంతే, ఆపలేవు, ఎందుకంటే అది పైతొడుగు మార్చేస్తూ ఉంటుంది, దానిమీద చక్కెర పూత కూడా దట్టంగా ఉంటుంది. అయితే కొద్దిమందిలో రెండు మూడేళ్లకి రకరకాల హెచ్ఐవీలని ఆపే యాంటీబాడీలు తయారవుతాయి. లింఫ్ గ్రంథుల్లో బీ కణాలు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) తమ యాంటీబాడీ జీన్లని మార్చుకుంటూ పోతుంటే టీ ఫాలిక్యులర్ హెల్పర్ కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలు వాటిలో వైరస్‌కి బాగా అతుక్కునేవాటికే సాయం చేసి బతికిస్తాయి, వైరస్ మారేకొద్దీ ఇవీ మారతాయి, అచ్చం దొంగా పోలీసు ఆటే. 2010లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వాళ్లు ఒక పేషెంట్ నుంచి తీసిన వీఆర్‌సీ01 ఇలాంటిదే, మన రోగనిరోధక కణాల మీదుండే సీడీ4 అనే ప్రోటీన్‌ని పట్టుకోడానికి వైరస్ వాడే భాగాన్నే ఇది పట్టేస్తుంది, ల్యాబ్‌లో సుమారు 90 శాతం రకాల్ని ఆపింది. విచిత్రం ఏంటంటే, ఆ పేషెంట్ ఒంట్లో ఉన్న వైరస్ మాత్రం చాలావరకు దీన్నుంచి తప్పించుకుంది! అందుకే ఒంట్లో ఏ యాంటీబాడీ ఉన్నా సరే ఏఆర్‌టీ (హెచ్ఐవీని అణిచి ఉంచే) మందులు ఆపొద్దు, గవర్నమెంట్ ఏఆర్‌టీ సెంటర్లో ఫ్రీగానే ఇస్తారు.