పాత లేత్ కొనేముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది హిందూపురం. ముప్పయ్యేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను, నిరుడు ఉద్యోగ విరమణ చేశాను. ఇంటి కింది గదిలో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని, టెలిస్కోపు స్టాండుకు కావలసిన ఇత్తడి, ఇనుప భాగాలు నా చేతులతోనే చేసుకోవాలని కోరిక. పీణ్యలో ఒక వ్యాపారి దగ్గర నాలుగున్నర అడుగుల పాత లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసే మిషన్) చూశాను. కొత్తగా రంగు వేసి ఉంది, పెద్దగా చప్పుడు లేకుండా తిరుగుతోంది. కొనవచ్చా? ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, జాలహళ్లి

జవాబు: మీరుంటున్న చోటే 1953లో ఏర్పడిన హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ, స్విట్జర్లాండుకు చెందిన ఓర్లికాన్ సహకారంతో లేత్‌ల తయారీ మొదలుపెట్టింది. అంతకు ముందే, 1941లో, హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్ వెలిసింది. అందువల్ల ఈ చుట్టుపక్కల పాత మిషన్లకు కొదవ లేదు. అయితే ఆ పెద్ద కంపెనీల మిషన్లలో చాలావాటి బరువు టన్ను పైమాటే కాబట్టి, ఇంటి గదికి మీరు చూసినటువంటి నాలుగున్నర అడుగుల బెల్టు లేత్ తగినదే. ఇక అది మంచిదా కాదా అన్నది రంగు చెప్పదు, చప్పుడు కూడా పూర్తిగా చెప్పదు.

ఇరవై ఏళ్ల కిందట నేను కూడా నిగనిగలాడే ఆకుపచ్చ రంగు చూసి ఒక లేత్ కొన్నాను. ఇంటికి తెచ్చి, జానెడు కడ్డీని చక్‌లో, అంటే దాన్ని బిగించి పట్టే దవడల్లో, పెట్టి తిప్పితే, చక్ దగ్గర ఒక కొలత, కొసన మరో కొలత వచ్చాయి. ఎన్ని విధాల సరిచేసినా తేడా పోలేదు. అరిగిన బెడ్‌ను (మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి పోత ఇనుప దిమ్మెను) గ్రైండింగ్ చేయించడానికి అడిగిన ఖర్చు నేను మిషన్‌కు పెట్టిన ధరను మించిపోయింది. చక్ మార్చవచ్చు, మోటారు మార్చవచ్చు, టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లయిడ్ నట్ అరిగితే గన్ మెటల్ (ఒక రకం కంచు)తో కొత్తది అదే లేత్ మీద చేసుకోవచ్చు. బెడ్, చక్‌ను తిప్పే ఇరుసైన స్పిండిల్ మాత్రం అలా కాదు. మీరు ఇచ్చే డబ్బు ఈ రెండింటికే ఇస్తున్నారని గుర్తుంచుకుని, వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడండి.

ఒక టార్చి లైటు, మాగ్నెటిక్ స్టాండుతో సహా డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే సాధనం), రెండడుగుల గట్టి కర్ర తీసుకుని పగటి పూట వెళ్లండి. టూల్‌ను మోస్తూ బెడ్ మీద జరిగే క్యారేజీని, చక్‌కు ఎదుటి కొసన ఉండే టెయిల్‌స్టాక్ వైపుకు పూర్తిగా జరిపి, చక్ కింద నుంచి ఒక అడుగు మేర బెడ్‌ను గుడ్డతో జిడ్డు పోయేలా తుడవండి. ముందువైపు ఉన్న వీ ఆకారపు పట్టె మీద బొటనవేలి గోరును అడ్డంగా, నెమ్మదిగా జరపండి. క్యారేజీ నిత్యం రుద్దుకునే భాగానికీ, అది ఎన్నడూ తాకని అంచుకూ మధ్య గోరు టక్కున తగులుకుంటే అక్కడ మెట్టు పడిందన్నమాట. ఆ తరువాత అదే పనిని టెయిల్‌స్టాక్ కొసన చేసి చూడండి. అక్కడ గోరు జారిపోయి, చక్ దగ్గర గట్టిగా ఆగుతోందంటే, బెడ్ ఒక చోటే అరిగిపోయిందని తెలుస్తుంది. సాధారణంగా లేత్ మీద చేసే పనుల్లో ఎక్కువ భాగం పొట్టి ముక్కలే కావడం వల్ల, పోత ఇనుప రజను రాలేది కూడా అక్కడే కావడం వల్ల, అరుగుదల చక్ పక్కనే మొదలవుతుంది. ఆ చోట క్యారేజీ కాస్త దిగి, కాస్త ఒరుగుతుంది. దానితోపాటు టూల్ మొన కూడా తన చోటు తప్పుతుంది.

గోరు చెప్పినదాన్ని ఇంకొక విధంగా ధ్రువపరచుకోవచ్చు. చక్ దగ్గర క్యారేజీలో వదులు లేకుండా వెనకవైపు గిబ్ స్క్రూలను (ఆ వదులును సరిచేసే స్క్రూలను) బిగించి, చేతి చక్రంతో దాన్ని టెయిల్‌స్టాక్ వైపు నడపండి. కొంత బిగుతు రావడం సహజమే. సగం దూరం కూడా వెళ్లకముందే చక్రం తిరగనని మొరాయిస్తే, ఆ మిషన్‌ను ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయమని నా సలహా.

స్పిండిల్ సంగతికి వస్తే, చక్‌లో కర్రను బిగించి, డయల్ గేజ్ మొనను చక్ వెనకాల స్పిండిల్ ముక్కు మీద ఆనించి, కర్రను పైకెత్తి వదలండి. గేజ్‌లో ఒక్కో గీత 0.01 మి.మీ. అనుకుంటే, ముల్లు ఒకటి రెండు గీతలు కదిలితే ఫరవాలేదు. ఐదు దాటితే బేరింగులు అయినా అరిగాయి, లేదా సర్దుబాటు తప్పాయి. గన్ మెటల్ బుష్‌ల మీద తిరిగే పాత లేత్‌లలో నూనె పొర కోసం కొంత సందు ఉండి తీరాలి కనుక, వాటిని రోలర్ బేరింగుల కొలతతో తూచకండి. ఆ తరువాత అరగంట నడిపించి, స్పిండిల్‌ను పట్టి ఉంచే హెడ్‌స్టాక్ మీద అరచేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే, చేయి నిలవనంత వేడి ఉంటే కాదు. వేగం తగ్గించే బ్యాక్ గేర్ కూడా వేసి నడిపించమని అడగండి. గ్రీజు దట్టించిన చోట విరిగిన పళ్లు కనబడవు.

మరలు (స్క్రూ గాడులు) కోయడానికి మార్చి వేసుకునే ఛేంజ్ గేర్ల సెట్టు పూర్తిగా ఉందో లేదో లెక్కపెట్టుకోండి. మర కోసేటప్పుడు క్యారేజీని నడిపే లీడ్ స్క్రూ అంగుళాల కొలతదైతే, 127 పళ్ల గేర్ ఉందేమో ప్రత్యేకంగా వెతకండి. ఒక అంగుళం అంటే 25.4 మి.మీ., దాన్ని 5తో హెచ్చిస్తే 127 అవుతుంది. ఆ గేర్ ఉంటేనే మెట్రిక్ మరలు కచ్చితంగా కోయగలరు. అలా కోస్తున్నప్పుడు మర పూర్తయ్యేదాకా హాఫ్ నట్‌ను (క్యారేజీని లీడ్ స్క్రూకు పట్టించే నట్‌ను) విప్పకుండా, మోటారునే వెనక్కి తిప్పుకోవాలి.

రవాణాలో ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం. లేత్ బరువులో ఎక్కువ భాగం హెడ్‌స్టాక్ వైపే, అదీ పైభాగానే ఉంటుంది. ఎత్తేముందు క్యారేజీనీ టెయిల్‌స్టాక్‌నూ చివరికి జరిపి బిగించండి. పట్టీ బెడ్ కింద నుంచే వెళ్లాలి, లీడ్ స్క్రూకు ఆనకూడదు.

ప్రశ్న: అనంతపురంలో మా నాన్నగారు నడిపిన లేత్‌ను ఆయన పోయాక ఇక్కడికి తెచ్చుకున్నాం. నాలుగేళ్లు మూలపడి తుప్పు పట్టింది. మోటారు మూడు ఫేజులది, 1 హెచ్‌పీ. మా ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజే. దీన్ని మళ్లీ నడిపించే మార్గం చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, కృష్ణరాజపురం

జవాబు: తప్పకుండా నడుస్తుందమ్మా. మీకు కావలసింది సింగిల్ ఫేజు కరెంటును తీసుకుని మూడు ఫేజులు ఇచ్చే వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) అనే పరికరం. ఈ రకం వీఎఫ్‌డీ బయటికిచ్చేది సుమారు 230 వోల్టులే. మీ మోటారు నేమ్‌ప్లేటు మీద 415 వోల్టులు, స్టార్ కనెక్షన్ అని ఉంటే, టెర్మినల్ బాక్సు తెరిపించి వైండింగుల ఆరు కొసలూ బయటికి వచ్చాయేమో చూపించండి. వచ్చి ఉంటే వాటిని డెల్టాగా మార్చితే సరిపోతుంది. 415ను 1.732తో భాగిస్తే 240 వస్తుంది కాబట్టి వైండింగులకు అందవలసిన వోల్టేజే అందుతుంది. మూడు కొసలే ఉంటే రీవైండింగ్ షాపులో మిగతా మూడూ బయటికి తీయించాలి. మిషన్ మీది పాత ఫార్వర్డ్–రివర్స్ స్విచ్చిని వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య ఉంచకూడదు. నడుస్తుండగా అక్కడ కనెక్షన్ తెగితే వీఎఫ్‌డీ పాడయ్యే ప్రమాదం ఉంది. ఈ పనిని ఎర్తింగ్‌తో సహా తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. చక్ స్పిండిల్‌కు మరతో ఎక్కేదైతే, మోటారు చప్పున ఆగేలా పెట్టవద్దు. ఆ కుదుపుకు చక్ విప్పుకుని ఊడిపడే ప్రమాదం ఉంది.

తుప్పు విషయంలో తొందరపడకండి. బెడ్ మీద గ్రైండరు గానీ ఎమెరీ కాగితం గానీ పెట్టనివ్వవద్దు. ఎమెరీ రేణువులు సందుల్లో చేరి, అటుపైన క్యారేజీ కదిలిన ప్రతిసారీ ఇనుమును అరగదీస్తూనే ఉంటాయి. కిరోసిన్‌లో తడిపిన మెత్తటి నైలాన్ ప్యాడ్‌తో నిలువునా రుద్ది, తుడిచి, 68 గ్రేడు స్లయిడ్‌వే ఆయిల్ పూయండి. గుంటల్లో మిగిలే నల్లటి మచ్చలు పనికి అడ్డు రావు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా గీకి దుమ్ము రేపకండి. చేతి చక్రాల పిడులకు మాత్రం రంగు వేయకండి. అవి మీ నాన్నగారి అరచేతికి నునుపు తేలినవి, వాటిని అలాగే ఉంచండి.

ప్రశ్న: కొన్న లేత్ బెడ్ బాగానే ఉంది, అయినా కడ్డీ ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా వస్తోంది. టెయిల్‌స్టాక్ వాడకుండా చేసినా అంతే. ఎందుకు?
– ఒక పాఠకుడు, యశవంతపుర

జవాబు: బెడ్ మెలి తిరిగి ఉంటుంది. పోత ఇనుము ఎంత మందంగా ఉన్నా, నాలుగు కాళ్లలో ఒకటి ఎత్తుగా ఉంటే బోల్టు బిగించగానే వంగుతుంది. మీటరుకు 0.02 మి.మీ. తేడాను చూపే స్పిరిట్ లెవెల్‌ను బెడ్‌కు అడ్డంగా, ముందు హెడ్‌స్టాక్ దగ్గర, తరువాత టెయిల్‌స్టాక్ దగ్గర పెట్టి, రెండు చోట్లా బుడగ ఒకేలా నిలిచేదాకా కాళ్ల కింద రేకు ముక్కలు సర్దండి. ఆపైన 30 మి.మీ. కడ్డీని చక్ నుంచి 150 మి.మీ. బయటికి పట్టి, మధ్యభాగం తగ్గించి, రెండు కొసలా రెండు కాలర్లు (ఉబ్బెత్తు పట్టీలు) మిగల్చండి. క్రాస్ స్లయిడ్‌ను కదపకుండా ఒకే సెట్టింగులో రెండింటినీ పలుచగా కోసి, మైక్రోమీటరుతో కొలవండి. తేడా 0.02 మి.మీ. లోపు ఉంటే ఇంటి పనికి చాలు. ఎక్కువుంటే టెయిల్‌స్టాక్ వైపు కాళ్లను కొద్దికొద్దిగా సర్ది మళ్లీ కోయండి. చివరి రెండు కొలతలనూ తేదీతో సహా బెల్టు మూత లోపలివైపు రాసి, ఆ కడ్డీని దాచిపెట్టండి. కొత్త గచ్చు కుంగుతుంది కాబట్టి మూడు నెలలకు మళ్లీ అదే కడ్డీతో చూసుకోవాలి.