ముళ్లకంచె లోపల మారిన పేరు

ప్రశ్న: అమెరికాలోని జపనీయుల బౌద్ధాలయాలను 'చర్చి' అని ఎందుకంటారు? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో భయపడి పెట్టుకున్న పేరని విన్నాను, నిజమేనా?

జవాబు: సగం నిజం. జపాను బౌద్ధంలోని జోడో షిన్షు శాఖ ప్రచారకులు 1899లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. ఆ తరువాత, యుద్ధానికి ఎంతో ముందే, కొన్ని ఆలయాలు ఆంగ్లంలో తమను చర్చి అని చెప్పుకున్నాయి. పిల్లలకు ఆదివారపు బడులు కూడా నడిపాయి. అయితే 'ఉత్తర అమెరికా బౌద్ధ మిషన్'గా ఉన్న సంస్థ 'అమెరికా బౌద్ధ చర్చిలు'గా మారింది మాత్రం 1944లో, యూటా రాష్ట్రంలోని టోపాజ్ నిర్బంధ శిబిరంలో.

ఆ శిబిరానికి జపనీయ బౌద్ధులు ఎలా చేరారో చూస్తే మీరు విన్న మాటలోని నిజం తెలుస్తుంది. 1941 డిసెంబరు 7న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌పై జపాను దాడి జరిగిన వెంటనే అరెస్టయిన వారిలో బౌద్ధ పురోహితులు ఎందరో ఉన్నారు. వారి పేర్లు అనుమానితుల జాబితాల్లోకి అప్పటికే ఎక్కి ఉన్నాయి. జపాను లిపిలో ఉన్న ఏ కాగితమైనా ముప్పు తెస్తుందన్న భయంతో కొన్ని కుటుంబాలు సూత్రగ్రంథాలను సైతం తగలబెట్టాయి. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జారీ చేసిన ఉత్తర్వు ఫలితంగా జపాను సంతతివారు దాదాపు 1,20,000 మంది శిబిరాల పాలయ్యారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే.

శిబిరాల్లో బౌద్ధ ప్రార్థనలకు అనుమతి ఉండేది (జపాను సంప్రదాయ మతమైన షింతో ఆరాధనను మాత్రం జపాను చక్రవర్తి పూజగా చూసి ఒప్పుకోలేదు). దొరికిన చెక్కముక్కలతో పూజాపీఠాలు చేసుకున్నారు. బయట విడివిడిగా ఉన్న శాఖలవారు చాలాచోట్ల ఒకే గదిలో కూర్చున్నారు. పెద్ద పురోహితుల్లో పలువురిని వేరే శిబిరాల్లో ఉంచడంతో, అమెరికాలో పుట్టి ఆంగ్లంలో మాట్లాడే రెండవ తరం చేతికి పెత్తనం వచ్చింది. పేరు మార్పులో భయం పాలు ఎంతో, ఈ తరం మార్పు పాలు కూడా అంతేనని నా అభిప్రాయం.

ఆ తరం యువకులే సైన్యంలో చేరినప్పుడు, మెడలోని గుర్తింపు బిళ్లపై ప్రొటెస్టెంట్, కాథలిక్, యూదు మతాలకు అక్షరాలు ఉండేవి గాని బౌద్ధానికి లేదు. యుద్ధం చివర శిబిరాల నుంచి తిరిగి వచ్చినవారిలో ఇళ్లు పోగొట్టుకున్న ఎన్నో కుటుంబాలు, వెళ్లేముందు తమ సామాను దాచుకున్న ఆలయాల్లోనే కొంతకాలం తలదాచుకున్నాయి.