సాఫ్ట్‌వేర్ మొదటి ర్యాంకు ఇచ్చిన డిస్ట్రిబ్యూషన్‌నే వాడాలా?

30 ఏళ్ల వార్షిక గరిష్ఠ వరదల్ని ఈజీఫిట్‌లో (డేటాకు ఏ సంభావ్యతా డిస్ట్రిబ్యూషన్ బాగా కుదురుతుందో చూసే సాఫ్ట్‌వేర్) వేస్తే ఒక డిస్ట్రిబ్యూషన్‌కు మొదటి ర్యాంకు వచ్చింది, రిస్క్ అంచనాకు అదే వాడొచ్చా అన్నది మీ ప్రశ్న.

కళ్లు మూసుకుని మాత్రం వాడకండి. ర్యాంకులిచ్చే పరీక్షల్లో ఒకటైన కొల్మొగొరోవ్-స్మిర్నోవ్ పరీక్ష ఎక్కువగా డేటా మధ్య భాగం ఎలా కుదిరిందో చూస్తుంది. మనకు భయమంతా తోక దగ్గరే, అంటే అరుదుగా వచ్చే అతి పెద్ద వరదల దగ్గరే. అందుకే తోకకు ఎక్కువ బరువిచ్చే ఆండర్సన్-డార్లింగ్ పరీక్ష ర్యాంకును, క్యూ-క్యూ గ్రాఫ్‌లో (డేటా విలువల్ని డిస్ట్రిబ్యూషన్ చెప్పే విలువలతో పోల్చే గ్రాఫ్) కుడి చివరను చూడండి.

తేడా ఎంతుంటుందంటే, సగటు 10 లక్షల క్యూసెక్కులు, ప్రామాణిక విచలనం 3 లక్షలు అనుకుందాం. వందేళ్లకోసారి వచ్చే వరద నార్మల్ డిస్ట్రిబ్యూషన్ ప్రకారం సుమారు 17 లక్షలు, గరిష్ఠాల కోసం వాడే గంబెల్ డిస్ట్రిబ్యూషన్ ప్రకారం 19.4 లక్షలు. డేటా ఒకటే! ఏటా వచ్చే గరిష్ఠాలు కాబట్టి గంబెల్‌కు, దాన్ని కూడా కలుపుకున్న జీఈవీ (జనరలైజ్డ్ ఎక్స్‌ట్రీమ్ వాల్యూ) డిస్ట్రిబ్యూషన్‌కు సైద్ధాంతికంగా కారణముంది, నార్మల్‌కు లేదు.

2009 అక్టోబరులో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అలాంటి ఏడాది మీ 30లో ఉందో లేదో చూడండి, దాన్ని తీసేసి మళ్లీ ఫిట్ చేయండి. జవాబు బాగా కదిలితే ఒక్క అంకె ఇవ్వకుండా బూట్‌స్ట్రాప్ చేసి (ఉన్న డేటా నుంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి, ప్రతిసారీ ఫిట్ చేసి) పరిధి ఇవ్వండి.