నెల సామాన్ల ఖర్చు 9,000లో ఆగడం లేదా? మా కాజీపేట ఇంట్లో ఎలా ఆగిందో చెప్తాను

మీరు రాసిందాన్ని బట్టి హన్మకొండలో అద్దె ఇల్లు, మీరిద్దరు, ఇద్దరు పిల్లలు. నెల సామాన్లకు 9,000 అనుకుంటారు, 20వ తేదీకే 10,000 దాటుతుంది, నెలాఖరుకు 12,000. ఏది తగ్గించాలని అడిగారు. నాలుగేళ్ల కింద మా ఇంట్లోనూ అచ్చం ఇదే లొల్లి. మేమూ నలుగురమే. నేను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తాను, మా ఆవిడ నర్సు. ఆమెకు నైట్ డ్యూటీలు పడ్డప్పటి నుంచి సామాన్ల పని నా మీద పడింది. నేను చేతిలోకి తీసుకున్న మొదటి మూడు నెలలు ఖర్చు తగ్గకపోగా పెరిగింది, అది ముందే ఒప్పుకుంటున్నా.

మొదట నేనూ అందరిలాగే పప్పు తగ్గిద్దామా, నెయ్యి మానేద్దామా అని చూశాను. పిల్లల ముందు నెయ్యి గిన్నె ఎత్తిపెట్టడం ఎంత దరిద్రమైన పనో చేసినోడికే తెలుస్తుంది. మీరు ఆ దారిలో వెళ్లకండి. తినేది తగ్గించక ముందు ఒక్క నెల ఊరికే రాసి చూడండి.

నేను మా పెద్దోడి పాత నోట్‌బుక్ చివరి పేజీల్లో రాశాను. ఒకరోజు ఇలా ఉంది: "కొత్తిమీర 10. బ్రెడ్డు 45. చిప్స్ 20. గుడ్లు 42." కొత్తిమీర కోసం చెప్పులేసుకుని వీధి చివరి దుకాణానికి పోయి 117 రూపాయలు కట్టి వచ్చాను. కొత్తిమీర పప్పుచారులో పడింది, బ్రెడ్డు సగం బూజు పట్టి బయట పడింది. నెలాఖరుకు లెక్క తేల్చితే మొత్తం 12,720. నెల మొదట్లో చిట్టీ రాసుకుని తెచ్చిన కిరాణం 4,650. బియ్యం బస్తా 1,400. కూరగాయలు 2,300. చికెన్, మటన్, చేపలు 1,500. మిగిలిన 2,870 ఎక్కడ పోయాయంటే ఇలా మధ్యమధ్యలో ఫోన్‌తో స్కాన్ చేసి తెచ్చిన వాటికి. నెలకు 31 సార్లు. అంటే రోజుకోసారి. ఒక్కటి కూడా 150 దాటలేదు, అందుకే ఒక్కటి కూడా గుర్తు లేదు.

మా చిన్నప్పుడు ఊళ్లో ఉద్దెర ఖాతా ఉండేది. దుకాణాయన ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవాడు, నెలాఖరుకు బాపు ముందు చదివేవాడు. నేను తీసుకున్న చాక్లెట్లు కూడా ఆ చదువులో వచ్చేవి, ఇంటికొచ్చాక వీపు పగిలేది. స్కాన్ చేస్తే అట్లా చదివేవాడు లేడు. అందుకే మేం చిల్లరకు నగదు పెట్టాం. 500 రూపాయలు, యాభైలు, వందలు, వంటగదిలో పాత హార్లిక్స్ సీసాలో. మధ్యలో ఏం కావాలన్నా అందులోంచే. సీసా ఖాళీ అయితే కొత్తిమీర లేని పప్పుచారే. మొదటి నెల 13వ తేదీకే ఖాళీ అయింది. మూడో నెలకు 24 దాకా వచ్చింది.

దీంతో 10,500 లోపుకు దిగాం. ఇక్కడి వరకు ఎవరైనా చెప్తారు. కానీ అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. రెండు నెలలు బాగా నడిచేది, మూడో నెల బొక్కబోర్లా పడేది. మేలో మామిడికాయ తొక్కు, పట్టించిన కారం. దసరాకు బతుకమ్మ సద్దులు, పిండివంటలు. జనవరిలో సకినాలు. ప్రతిసారీ "ఈ నెల ఒక్కటీ వదిలేద్దాం, వచ్చే నెల నుంచి గట్టిగా" అనుకునేవాళ్లం. లెక్క చూస్తే అట్లా వదిలేసిన నెలలు ఏడాదికి ఐదు.

మొన్న జనవరి సంగతే చూడండి. 2026లో సంక్రాంతి, మేడారం జాతర ఒకే నెలలో వచ్చాయి. 14, 15 తేదీల్లో పండుగ, 28 నుంచి 31 దాకా జాతర. మా చిన్నదానికి జ్వరం తగ్గితే నిలువెత్తు బంగారం, అంటే పిల్ల తూకానికి సరిపడా బెల్లం, ఇస్తానని మా అమ్మ ఎప్పుడో మొక్కుకుంది. పిల్ల తూకం 24 కిలోలు. 24 కిలోల బెల్లం! పైగా త్రాసులో కూర్చున్న పిల్ల నవ్వాపుకోలేక ఊగుతుంటే ముల్లు నిలవలేదు, అమ్మ ఇంకో కిలో వేయించింది. సమ్మక్క సారలమ్మ దగ్గర బేరం ఆడలేం కదా. ఆ బెల్లం డబ్బులు ఏ నెల కిరాణంలో రాస్తారు?

నాకు అర్థమైంది ఏంటంటే, మన తిండి ఖర్చు నెల లెక్కలో నడవదు. కొంత ఏడాది లెక్క, కొంత వారం లెక్క. మధ్యలో కొంచెమే నెల లెక్క. మూడింటినీ ఒకే 9,000లో కుక్కితే ఏ నెలా సరిపోదు. మా అమ్మకు ఇదంతా చెప్తే "గిదేం కొత్త ముచ్చట బిడ్డా, మేం ఎండకాలంల ఏడాదికి సరిపడ కారం కొట్టుకున్నం, చింతపండు కొట్టుకున్నం, పండుగకు పైసలు పక్కకు పెట్టుకున్నం. నెలకు కొనేదేముండె, ఉప్పు, చాయపత్త" అంది.

అందుకే ఏడాది సామాను విడదీశాం. మా లెక్క ఇది, మీకు రేట్లు అటూ ఇటూ ఉండొచ్చు. బియ్యం 10 బస్తాలకు 14,500. ఎండు మిర్చి, గిర్నీ కూలీతో కలిపి 1,200. పసుపు 250. చింతపండు 800. తొక్కుకు మామిడికాయలు, నూనె, ఎల్లిపాయ, మెంతులు కలిపి 1,500. సంక్రాంతికి 1,800, దసరాకు 1,500. కూడితే 21,550. పన్నెండుతో భాగిస్తే నెలకు 1,800. జీతం పడిన మర్నాడు ఆ 1,800 బ్యాంకులో వేరే ఖాతాలోకి పోతుంది. ఆ ఖాతాకు ఫోన్‌లో ఏ యాప్ కలపలేదు, కావాలనే.

బియ్యం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, పెద్ద ఖర్చు అదే కాబట్టి. వానకాలం వడ్లు కోతకొచ్చి మిల్లాడాక డిసెంబర్, జనవరిలో కొత్త బియ్యం కాస్త చౌకగా దొరుకుతాయి. కానీ అప్పుడే వండితే అన్నం మెత్తబడి ముద్దవుతుంది, ఒదగదు. పాత బియ్యానికి నీళ్లు ఎక్కువ పడతాయి, అదే గ్లాసుకు గిన్నె నిండుతుంది. మేం జనవరిలో ఐదు బస్తాలు కొని, కింద చెక్క వేసి, గోడకు ఆనకుండా పెట్టి, వేపాకు వేసి ఉంచుతాం. జూన్, జూలై నుంచి విప్పుతాం. అవి అయ్యేదాకా దుకాణంలో పాత బియ్యం రేటు పెట్టక్కర్లేదు. ఇంకొకటి, బస్తా మీద 26 కిలోలు అని చూసి ఆ ఒక్క కిలో ఏంటా అనుకునేవాణ్ని. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది, అది దాటితే లేదు. అందుకే 26. 25 బస్తా, 26 బస్తా పక్కపక్కన పెట్టి రేటు చెప్తే కిలో లెక్కన చూడండి.

మీకు తెల్ల రేషన్ కార్డు ఉంటే నా ఏడాది లెక్కలో సగానికి పైగా ఎగిరిపోతుంది. 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. అదేం నామోషీ కాదు, తెచ్చుకుని తినండి. మాకు కార్డు లేదు.

మిర్చి మాత్రం ప్యాకెట్లో కొనకండి. ఎనుమాముల మార్కెట్ మన పక్కనే ఉండి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోడ్లన్నీ మిర్చి ఘాటుతో తుమ్ములు తెప్పిస్తుంటే, వంద గ్రాముల కారం ప్యాకెట్ కొనుక్కోవడం నాకైతే మనసొప్పదు. యార్డులో బస్తాల లెక్క, మనలాంటి వాళ్లకు కుదరదు. నర్సంపేట వైపు తెలిసిన రైతు ఎవరైనా ఉంటే ఐదారు కిలోలు అడగండి. మేం నాలుగు కిలోల తేజ, రెండు కిలోల చపాట కలుపుతాం. తేజ కారానికి, చపాట రంగుకు. టమాటలా ఉబ్బుగా ఉండే ఈ చపాటకే 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. తొడిమలు తీసి, రెండు రోజులు ఎండబెట్టి, గిర్నీలో పొద్దున్నే మొదటి వాయిలో పట్టించాలి. ఆలస్యంగా పోతే మీకంటే ముందు ఎవరో పట్టించిన పసుపో, మొక్కజొన్నో కలుస్తుంది.

అన్నీ ఇట్లా ఏడాదికి కొనేస్తే అయిపోతుందనుకుని నేను ఒక తప్పు చేశాను. జూన్‌లో పది కిలోల కందిపప్పు తగ్గింపు ధరకు తెచ్చాను. ఆగస్టుకు డబ్బా మూత తీస్తే పప్పు కదులుతోంది! అమ్మ మిద్దె మీద చీర పరిచి ఆరబోస్తే గంటలో తుంపర. సగం ఇరుగుపొరుగు కోళ్లకు పోయింది. అప్పటి నుంచి పప్పులు, రవ్వ, పిండి నెలకు సరిపడానే. వానకాలంలో అయితే ఇంకా తక్కువ.

నూనె కూడా నెల లెక్కే. దీని మీద నాకు ఒక పిచ్చి ఉంది. డబ్బా మీద మార్కర్‌తో మూడు గీతలు గీశాను, 10వ తేదీ, 20వ తేదీ, 30. గీత కంటే నూనె కిందికి దిగితే ఆ వారం పూరీలు, బజ్జీలు బంద్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్లెం లెక్కలో రోజుకు మనిషికి నూనె, కొవ్వులు 27 గ్రాములు. నలుగురికి నెలకు మూడు కిలోల పైచిలుకు. మా ఇంట్లో ఐదు లీటర్లు అయ్యేది. 2024 సెప్టెంబర్‌లో దిగుమతి సుంకం పెంచగానే నూనె రేటు ఎగిరింది కదా, ఆ నెలే ఈ గీతలు గీశాను. కొనేటప్పుడు ప్యాకెట్ సైజు చూసి మోసపోవద్దు. లీటరు నూనె తూగితే 910 గ్రాముల దాకా ఉండాలి, కొన్ని ప్యాకెట్లు చూడటానికి అంతే ఉండి లోపల 850, 800 గ్రాములే. వెనక ఎంఆర్‌పీ పక్కన గ్రాముకు ఎంత, మిల్లీలీటరుకు ఎంత అని చిన్న అక్షరాల్లో వేస్తారు. అది చూడండి, ఆఫర్ అట్ట చూడకండి.

ఇక వారం లెక్క అంటే కూరగాయలు. ఆదివారం పొద్దున ఆరున్నరకు రైతు బజార్, బోర్డు మీద రేటు చూసుకుని 500 రూపాయల లోపు. ఎప్పుడైనా వరంగల్ వైపు పని ఉంటే లక్ష్మీపురం మార్కెట్. ఇంతకంటే చెప్పేదేం లేదు. ఒకటే, ముందు కూర అనుకుని పోకండి, అక్కడ ఏది చౌకగా ఉంటే అదే కూర. 2023 జూలైలో టమాట కిలో వంద దాటినప్పుడు మేం నెల రోజులు టమాట ముట్టలేదు. పుంటికూర పప్పు, పచ్చి పులుసుతో నడిపాం. పిల్లలు అడగను కూడా అడగలేదు.

సబ్బులు, పేస్టు, షాంపూ కిరాణంలో కలపకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటి మీద జీఎస్టీ 18 నుంచి 5కు తగ్గింది, అయినా అవి తిండి కాదు. కలిపితే పప్పు పెరిగిందో సబ్బు పెరిగిందో తెలియదు. పాలు కూడా మేం వేరే రాస్తాం.

ఇప్పుడు మా నెల ఇట్లా ఉంది: ఏడాది ఖాతాకు 1,800, కిరాణం 3,900, కూరగాయలు 2,200, మాంసం 1,100, సీసాలో 500. మొత్తం 9,500. మీరు అనుకున్న 9,000 కంటే 500 ఎక్కువే. నిజం చెప్పాలంటే నలుగురికి, కార్డు లేకుండా, 9,000 కష్టం. 9,500 అని పెట్టుకుని అందులో ఆగడం మేలు, 9,000 అనుకుని ప్రతి నెలా ఇంట్లో గొడవ పడేకంటే.

ఒక ఇబ్బంది ముందే చెప్తాను. మొదటి ఏడాది ఆ ఖాతాలో ఏమీ ఉండదు. ఇప్పుడే ఐదు బస్తాలు కొనమంటే ఎవరి దగ్గర ఉంటాయి? మేం మొదట మిర్చి, చింతపండు మాత్రమే ఏడాదికి కొన్నాం, రెండూ కలిపి 2,000. బియ్యం ఆ ఏడాదంతా నెలకో బస్తానే. 1,800లోంచే బస్తా డబ్బులు పోగా మిగిలింది మూడు, నాలుగు వందలే, వాటిని కదిలించకుండా ఉంచాం. దసరా బోనస్‌లోంచి మా ఆవిడ 5,000 కలిపింది, దాంతో జనవరిలో ఐదు బస్తాలు వచ్చాయి. చీర కొంటానని చెప్పి ఆ డబ్బులు తీసుకున్నాను. చీర ఇంకా బాకీ ఉంది.