లై, లే: పడుకోవడం, పడుకోబెట్టడం

'నిన్న ఐ లెయిడ్ ఆన్ ద బెడ్' అని ఇంగ్లీషులో రాస్తే తప్పెందుకయిందని అడిగారు కదా. తెలుగులో ఆలోచిస్తే సులువుగా తెలుస్తుందండి. తనే పడుకుంటే లై (lie), ఇంకొకరిని పడుకోబెడితే లే (lay). లే వాడారంటే 'ఎవరిని? దేన్ని?' అన్న ప్రశ్నకు వాక్యంలో జవాబుండాలి. 'షి లెయిడ్ ద బేబీ ఆన్ ద బెడ్'లో పాప ఉంది, కాబట్టి సరిపోయింది. మీ వాక్యంలో పడుకున్నది మీరే.

అసలు మెలిక ఏమిటంటే, లైకి భూతకాల రూపం కూడా 'లే' (lay) అన్న మాటే! అందుకే ఇంగ్లీషు మాతృభాషైనవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. మీరు రాయాల్సింది 'ఐ లే ఆన్ ద బెడ్'. హ్యావ్ వస్తే 'ఐ హ్యావ్ లెయిన్'. లెయిడ్ మాత్రం పడుకోబెట్టడానికే. అబద్ధమాడటమనే లై వేరే క్రియ, దాని భూతకాలం లైడ్.